అమ్మ రిపోర్టు నిండా ఎర్ర గుర్తులే. ఈ ఏడు షీట్లలో ఏది దేనికి?

ఉప్పల్_అమ్మాయి
ఏప్రిల్ 14, ఉదయం 9.20

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా కాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

అమ్మకి 63 ఏళ్లు. షుగర్ వచ్చి పన్నెండేళ్లయింది, మెట్‌ఫార్మిన్ వాడుతోంది. పొద్దున్నే పరగడుపున గ్యాస్ గోలీ కూడా వేసుకుంటుంది, అదీ ఏళ్ల తరబడి. మాంసం, గుడ్డు ముట్టదు. పాలు కాఫీలోకి పోసినన్ని, మజ్జిగ పలచగా ఓ గ్లాసు. అంతే.

పోయిన నెలలో ఒకరోజు మధ్యాహ్నం కూరగాయలు తెచ్చుకుని ఇంటికొచ్చింది. కాళ్లు కడుక్కుందామని కుళాయి దగ్గరికి వెళ్లి చూసుకుంటే కుడికాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిందో తనకి తెలియదు. నేను వెనక్కి వెళ్లి వెతికితే వీధి మొదట్లో, కిరాణా కొట్టు ముందు పడి ఉంది. అక్కడి నుంచి మా గేటు దాకా కాలిపోతున్న సిమెంటు రోడ్డు మీద ఒంటి చెప్పుతో నడిచొచ్చింది. అరికాలు ఎర్రగా కందింది. మంట తెలియలేదా అమ్మా అంటే, 'దూది మీద నడిచినట్టుంటుందే ఈమధ్య' అంది.

భయమేసి ల్యాబ్ వాళ్ల ప్యాకేజీ టెస్టు చేయించాను. బి12 విలువ 128 (200 పైన ఉండాలట), డి విటమిన్ 11, హిమోగ్లోబిన్ 9.8, ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వట) 8. కాగితం నిండా ఎర్ర గుర్తులే. దగ్గర్లోని మందుల షాపులో రిపోర్టు చూపిస్తే ఏడు షీట్ల గోలీలు ఇచ్చారు. పప్పు డబ్బా మూతలో పేర్చి పెట్టాను గానీ ఏది ఎందుకో, దేని మీద ఏది వేసుకోవాలో అర్థం కావట్లేదు. అన్నీ కలిపి వేస్తే బలం వస్తుందా? ఇంకా ఒక్కటీ వేయలేదు.


జనరల్_ఫిజీషియన్
ఏప్రిల్ 14, ఉదయం 10.05

చెప్పు సంగతి చదివి ఉన్న పని పక్కనపెట్టి రాస్తున్నాను. ఈ వారంలోనే అమ్మగారిని డాక్టర్‌కి, వీలుంటే నరాల డాక్టర్‌కి చూపించండి. ఈలోపు ఆ షీట్లలో ఫోలిక్ యాసిడ్ ఉన్నది మాత్రం మొదలుపెట్టకండి.

ఎందుకంటే, ఎర్ర రక్తకణం తయారవ్వాలంటే బి12, ఫోలిక్ యాసిడ్ రెండూ కావాలి. బి12 అడుగంటినవాళ్లకి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం కోలుకున్నట్టు కనిపిస్తుంది. హిమోగ్లోబిన్ పెరుగుతుంది, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. లోపల నరం మాత్రం పాడవుతూనే ఉంటుంది. కరెంటు తీగ మీద తొడుగు ఉన్నట్టు నరం మీద మైలిన్ అనే పొర ఉంటుంది. ఆ పొర నిలబడటానికి బి12 కావాలి, ఫోలిక్ యాసిడ్ ఆ పనికి పనికిరాదు. ఆలస్యమైతే కొంత నష్టం తిరిగిరాదు కూడా. అందుకే ఇంత తొందరపెడుతున్నాను.

షుగర్ వల్లా పాదాలు మొద్దుబారతాయి. 'షుగర్ ఉన్నాక మామూలే' అని ఎంతమందిని వదిలేస్తారో లెక్కలేదు. అమ్మగారి విషయంలో బి12 రావాల్సిన దారులన్నీ ఇరుకయ్యాయి. తిండిలో తక్కువ. ఉన్న కాస్తా తిండిలోని మాంసకృత్తుల నుంచి విడిపడాలంటే కడుపులో యాసిడ్ ఉండాలి, గ్యాస్ గోలీ దాన్ని అణిచేస్తుంది. చివరికి చిన్నపేగు చివర్లో ఒంటికి పట్టే చోట మెట్‌ఫార్మిన్ అడ్డుపడుతుంది. అలాగని మెట్‌ఫార్మిన్ మీ అంతట మీరు ఆపేయకండి. షుగర్ పెరిగితే అదే నరాలకి ఇంకో దెబ్బ.


మందుల_కౌంటర్
ఏప్రిల్ 14, మధ్యాహ్నం 1.15

మలక్‌పేట్‌లో ఇరవై ఏళ్లుగా కౌంటర్ మీద ఉన్నాను చెల్లెమ్మా. షీట్ల వెనక చిన్న అక్షరాలతో కంపోజిషన్ అని ఉంటుంది, ఫొటో తీసి పెట్టండి. కౌంటర్ దగ్గరికి వచ్చి 'బలం గోలీలు ఇవ్వండన్నా' అని అడగని రోజు ఉండదు. అడిగితే ఇచ్చేస్తారు. నేనూ ఇచ్చినవాణ్ణే కొత్తలో.


ఉప్పల్_అమ్మాయి
ఏప్రిల్ 14, మధ్యాహ్నం 1.50

ఫొటోలు పెట్టాను అన్నా.

డాక్టర్ గారూ, రేపు సాయంత్రానికి అపాయింట్‌మెంట్ దొరికింది. ఒక సందేహం. అమ్మ పుట్టినప్పటి నుంచీ శాకాహారే కదా, మరి ఇన్నేళ్లూ రానిది ఇప్పుడెందుకు వచ్చింది?


జనరల్_ఫిజీషియన్
ఏప్రిల్ 14, మధ్యాహ్నం 2.30

బి12 మనకి రోజుకి కావాల్సింది 2 మైక్రోగ్రాముల పైచిలుకు. గ్రాములో పది లక్షల వంతు ఒక మైక్రోగ్రాము. లివర్‌లో మాత్రం కొన్నేళ్లకి సరిపడా నిల్వ ఉంటుంది. పాలూ పెరుగూ బాగా తినే రోజుల్లో ఆ నిల్వ నిండుతూ వచ్చి ఉంటుంది. అర లీటరు పాలల్లో దాదాపు 2 మైక్రోగ్రాములు దొరుకుతాయి. తర్వాత పాలు తగ్గాయి, పైన రెండు మందులు తోడయ్యాయి. నిల్వ కరిగి అడుగు తేలడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఇనుము సంగతి వేరుగా చూడాలి. 63 ఏళ్ల వయసులో నెలసరి ఉండదు. ఫెర్రిటిన్ 8 అంటే ఒంట్లో ఇనుము ఖాళీ అయినట్టు. తినక తగ్గిందా, గ్యాస్ గోలీ వల్ల ఒంటికి పట్టక తగ్గిందా, ఎక్కడైనా రక్తం పోతోందా అన్నది తేల్చకుండా ఐరన్ గోలీ వేసి ఊరుకోకూడదు. మలంలో రక్తం, మొలలు, కడుపులో పుండు గురించి అమ్మగారిని నెమ్మదిగా అడగండి. కొడుకులకి చెప్పరు, కూతురికైతే చెబుతారు.


తార్నాక_రిటైర్డ్
ఏప్రిల్ 14, రాత్రి 8.40

అమ్మా, నేను తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో ల్యాబ్ అసిస్టెంటుగా చేసి రిటైర్ అయ్యాను. డాక్టర్ గారు ఫోలిక్ యాసిడ్ గురించి రాసింది చదివాక మన తెలుగువాడి మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. సొంత సోదరులు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టదు, విరేచనాలు, రక్తం తగ్గిపోవడం, మనిషి ఎండిపోవడం. అదే జబ్బు ఆయనకీ వచ్చి తప్పింది. తర్వాత అమెరికా వెళ్లి, లెడర్లే అనే మందుల కంపెనీలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది. తన తోబుట్టువులని తీసుకెళ్లిన జబ్బుకి మందు ఆ గోలీయే. ఇవాళ గర్భిణికి ఆసుపత్రిలో ఇచ్చే మొదటి గోలీ కూడా అదే. బిడ్డ వెన్నుపాము గొట్టం కడుపులో పడిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది, చాలామందికి అప్పటికి గర్భమని కూడా తెలియదు. అందుకే పిల్లలు కావాలనుకున్నప్పటి నుంచే రోజుకి 400 మైక్రోగ్రాములు వేసుకోమంటారు.

డాక్టర్ గారు చెప్పిన ప్రమాదం కూడా ఆ రోజుల్లోనే బయటపడింది. బి12 లోపమున్న రోగులకి ఈ కొత్త మందు ఇస్తే రక్తం బాగుపడింది, కాళ్లు మాత్రం పడిపోతూ వచ్చాయి. అప్పట్లో ఆ రోగులకి మందుగా ఇచ్చే లివర్ సారంలో ఫోలిక్ యాసిడ్ కాకుండా ఇంకేదో ఉందని ఆ అనుభవంతో గట్టిపడింది. 1948లో బి12ని వేరుచేశారు. సుబ్బారావు గారు అదే ఏడు పోయారు.

మేం పనిచేసిన సంస్థ పుట్టిందే ఒక విటమిన్ లోపం మీద. 1918లో తమిళనాడులోని కూనూర్‌లో రాబర్ట్ మెకారిసన్ అనే బ్రిటిష్ డాక్టర్ బెరిబెరి అనే జబ్బు మీద పరిశోధన కోసం ఒక గదిలో మొదలుపెట్టాడు. 1958లో హైదరాబాద్ వచ్చింది. బెరిబెరి అంటే బి1 కరువు. వడ్లు ఉడకబెట్టకుండా బాగా తెల్లగా మిల్లు పట్టిన బియ్యం తినే కోస్తా జిల్లాల్లో బాగా ఉండేది. ఉప్పుడు బియ్యం తినేచోట కనిపించేది కాదు. వడ్లని ఉడకబెట్టినప్పుడు తవుడులోని బి1 గింజ లోపలికి ఇంకుతుంది, ఆ తర్వాత మిల్లు పట్టినా అంతా పోదు. గంజి వార్చి పారబోస్తే మాత్రం కొంత దాంతోనే పోతుంది. మా అమ్మ ఆ గంజి పారబోయనిచ్చేది కాదు, ఉప్పేసి మాకే తాగించేది.


రొట్టెల_అక్క
ఏప్రిల్ 14, రాత్రి 10.30

నేను దిల్‌సుఖ్‌నగర్ల సాయంత్రం పూట జొన్న రొట్టెలు కాలుస్త. ఇప్పుడు కార్లల్ల వచ్చి కొనుకపోతున్నరు, షుగర్‌కు మంచిదంట. మా అవ్వ చెప్పేది, ఎనకట ఒట్టి జొన్నలే తిని తిని మంది మెడ సుట్టూ తోలు నల్లగయ్యి పొరలు పొరలు ఊడేదట. మతి గూడ తప్పేదట. గది నిజమేనా సారూ? నాకైతే భయమైతది, రోజు వందల రొట్టెలు మందికి పెడుతున్న.


తార్నాక_రిటైర్డ్
ఏప్రిల్ 15, ఉదయం 6.50

నిజమేనమ్మా. మీ అవ్వ కళ్లారా చూసే చెప్పి ఉంటుంది. దాని పేరు పెల్లాగ్రా. నయాసిన్ అనే బి3 విటమిన్ కరువు. ఎండ తగిలే చోటే చర్మం నల్లబడి పొరలు లేస్తుంది, మెడ చుట్టూ దండ వేసినట్టు, ముంజేతులకి, పాదాలకి. దాంతోపాటు విరేచనాలు, ఆ తర్వాత మతి చెదరడం. అమెరికాలో మొక్కజొన్న మీదే బతికే పేదల్లో ఈ జబ్బుంటే అది అంటువ్యాధి కాదని, తిండి లోపమని గోల్డ్‌బెర్గర్ అనే డాక్టర్ 1915 ప్రాంతంలో తేల్చాడు. మన దక్కన్‌లో జొన్న మీదే బతికే కూలీల్లో కనిపించేది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. జొన్నలో నయాసిన్ బియ్యం కంటే తక్కువేం కాదు. మరి జొన్న తినేవాళ్లకే ఎందుకొస్తోంది? మా సంస్థలోని డాక్టర్ సి. గోపాలన్ బృందం హైదరాబాద్‌లోనే దీని వెంటపడి, జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం (మాంసకృత్తుల్లో ఉండే ఒక ముక్క) ఎక్కువని, మన ఒళ్లు ట్రిప్టోఫాన్ అనే ఇంకో అమైనో ఆమ్లం నుంచి సొంతంగా నయాసిన్ చేసుకునే పనికి అది అడ్డుపడుతుందని 1960లో ప్రతిపాదించింది. దాని మీద తర్వాత వాదాలూ నడిచాయి. జబ్బు మాత్రం జనం తిండిలోకి పప్పు, పాలు, గుడ్డు వచ్చేసరికి దాదాపు కనుమరుగైంది.

మీ రొట్టె తినేవాళ్లు పక్కన పప్పో, కోడికూరో, పెరుగో తింటారు. మీరేం దిగులు పడకండి, నిశ్చింతగా కాల్చండి. అప్పట్లో మూడు పూటలా రొట్టే, దానికి కారం ముద్దే. కొనుక్కోవడానికి ఇంకేమీ లేక వచ్చిన జబ్బు అది.


రొట్టెల_అక్క
ఏప్రిల్ 15, ఉదయం 7.10

సల్లంగుండు సారూ. పానం కుదుటపడ్డది. నేను రొట్టెతోని పుంటికూర పప్పు గూడ పెడుత.


పదో_అంతస్తు
ఏప్రిల్ 15, ఉదయం 11.00

డి విటమిన్ 11 అన్నారు కదా, మా ఇంట్లో నలుగురిదీ అదే కథ. గచ్చిబౌలిలో పదో అంతస్తు, పొద్దున ఏడు నుంచి బాల్కనీ అద్దం లోంచి ఎండ పడుతుంది, అక్కడే కూర్చుని కాఫీ తాగుతాం. అయినా నాది 9. ఇంత ఎండలున్న ఊళ్లో ఇదేమిటో నాకు చాలా రోజులు అంతుపట్టలేదు.

తర్వాత తెలిసింది. చర్మంలో డి తయారవ్వాలంటే ఎండలోని యూవీ-బి అనే అతినీలలోహిత కిరణాలు తగలాలి. అద్దం వాటిని ఆపేస్తుంది. పొద్దున ఏడింటి ఎండలోనూ అవి దాదాపు ఉండవు, సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు గాలి పొరలే మింగేస్తాయి. మన నీడ మనకంటే పొట్టిగా పడే వేళ, అంటే పది దాటాక మధ్యాహ్నం మూడు లోపు ఎండే పనికొస్తుంది. చర్మం నల్లగా ఉన్నవాళ్లకి ఇంకాస్త ఎక్కువసేపు కావాలి.

ఇంకో సంగతి కడుపు మంటతో రాస్తున్నాను. మా బాబాయికి వారానికొకటి వేసుకోమని 60,000 యూనిట్ల పౌడర్ పొట్లాలు రాశారు. చీటీ మీద రాసింది ఎవరూ వివరంగా చెప్పలేదు, ఆయన రోజుకొకటి పాలల్లో కలుపుకుని రెండు నెలలు తాగారు. వాంతులు, మలబద్ధకం, తీరని దాహం, మాట తడబాటు. ఆసుపత్రిలో చేర్చాక రక్తంలో కాల్షియం విపరీతంగా పెరిగిందని, కిడ్నీ దెబ్బతిందని చెప్పారు. బతికారు గానీ కిడ్నీ మునుపటిలా లేదు. నీళ్లలో కరిగే బి, సి విటమిన్లు ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతాయి. ఎ, డి కొవ్వులో కరుగుతాయి, ఒంట్లో పేరుకుంటాయి. దయచేసి పొట్లం మీద పెద్దక్షరాలతో 'ఆదివారం మాత్రమే' అని రాసి పెట్టండి. మా ఇంట్లో ఇప్పుడు అలాగే రాస్తున్నాం.


మందుల_కౌంటర్
ఏప్రిల్ 15, మధ్యాహ్నం 12.40

ఈ సోదరుడు రాసింది అక్షరాలా నిజం.

చెల్లెమ్మా, ఫొటోలు చూశాను. మీ ఏడు షీట్లలో మూడింట్లో డి ఉంది: కాల్షియం గోలీలో, మల్టీవిటమిన్‌లో, ఇంకా విడిగా 60,000ది. రెండింట్లో ఫోలిక్ యాసిడ్. ఒకటి జింక్, ఒకటి బి కాంప్లెక్స్. బి12 ఉంది గానీ మల్టీవిటమిన్‌లో ఒక్క మైక్రోగ్రామే, 128 ఉన్న మనిషికి అది ఏ మూలకీ రాదు. కవరు అలాగే సాయంత్రం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.


ప్రకృతి_బాట
ఏప్రిల్ 15, మధ్యాహ్నం 3.30

పెద్దలు ఏమీ అనుకోకపోతే ఒక మాట. మన పూర్వీకులు ఏ గోలీ వేసుకున్నారు? రాత్రి అన్నంలో మజ్జిగ పోసి పులియబెట్టిన చద్దన్నంలో బి12 పుడుతుంది. మునగాకు, నువ్వులు, తైదలు (రాగులు), ఉసిరి, ఇవి చాలు. మేం మూడేళ్లుగా అయోడిన్ కలిపిన ప్యాకెట్ ఉప్పు కూడా మానేసి సైంధవ లవణం వాడుతున్నాం. ఇంటిల్లిపాదీ హాయిగా ఉన్నాం. రోగాన్ని తిండితో తగ్గించుకునే దారి ఉండగా సూదులెందుకు?


జనరల్_ఫిజీషియన్
ఏప్రిల్ 15, మధ్యాహ్నం 4.10

మీరు చెప్పిన తిండి నాకూ ఇష్టం, నా పేషెంట్లకీ అదే చెబుతాను. తైదల్లో 100 గ్రాములకి 350 మి.గ్రా. పైనే కాల్షియం ఉంటుంది, అదే బరువు పాలల్లో 120. నువ్వుల్లో వెయ్యి దాటుతుంది. సంక్రాంతికి సకినాలు, నువ్వుల ఉండలు తినే ఊరు మనది. ఒక జామకాయలో 100 గ్రాములకి 200 మి.గ్రా. పైగా సి విటమిన్, అంటే రెండు రోజులకి సరిపడా.

బి12 దగ్గర మాత్రం మీతో ఏకీభవించలేను. దాన్ని తయారుచేసేది కొన్ని రకాల సూక్ష్మజీవులే. ఆవు కడుపులో అవి ఉంటాయి కాబట్టి పాలల్లోకి వస్తుంది. మన పెద్దపేగులోనూ ఉంటాయి గానీ ఒంటికి పట్టే చోటు దాటిపోయాక తయారై ఏం లాభం? చద్దన్నాన్ని, ఇడ్లీ పిండిని పులియబెట్టే సూక్ష్మజీవుల నుంచి నమ్ముకోదగినంత బి12 రాదు. కడుపుకి చల్లన, తినండి, బి12 కోసం మాత్రం దాని మీద ఆధారపడకండి. కాలికి స్పర్శ పోయిన మనిషికి తిండితో నింపే వ్యవధి లేదు.

అయోడిన్ గురించి ఇంకా గట్టిగా చెబుతాను. మీ ఇంట్లో గర్భిణి గానీ, గర్భం కోసం చూస్తున్న ఆడపిల్ల గానీ ఉన్నారా?


ప్రకృతి_బాట
ఏప్రిల్ 15, మధ్యాహ్నం 4.35

మా కోడలికి మూడో నెల.


జనరల్_ఫిజీషియన్
ఏప్రిల్ 15, మధ్యాహ్నం 4.50

శుభం. అయితే ఇవాళే అయోడిన్ ఉప్పు తెప్పించండి. మెడ దగ్గరి థైరాయిడ్ గ్రంథి తన హార్మోన్‌ని అయోడిన్‌తోనే చేస్తుంది. మొదటి నెలల్లో బిడ్డకి సొంత థైరాయిడ్ పనిచేయదు, తల్లి హార్మోన్ మీదే మెదడు పెరుగుతుంది. తల్లికి అయోడిన్ బాగా తగ్గితే బిడ్డకి బుద్ధిమాంద్యం, చెవుడు రావచ్చు. సైంధవ లవణంలో అయోడిన్ నామమాత్రం, కలిపితే తప్ప. అయోడిన్ కలపని ఉప్పుని తినడానికి అమ్మకూడదని దేశమంతటా 2006 నుంచి నిషేధం ఉన్నది ఇందుకే. డబ్బా మూత బిగించి పెట్టండి, కూర దింపేముందు ఉప్పు వేయండి. ఉడికేకొద్దీ కొంత అయోడిన్ ఎగిరిపోతుంది.

రోజుకి 5 గ్రాముల లోపే వాడాలన్నది మాత్రం ఏ ఉప్పుకైనా ఒకటే. ఆవకాయ, అప్పడాలు, చిప్స్ అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.


ప్రకృతి_బాట
ఏప్రిల్ 15, సాయంత్రం 5.20

తెప్పించాను. కోడలు డాక్టర్ దగ్గర థైరాయిడ్ టెస్టు కూడా రాయించుకుంటుంది. ధన్యవాదాలు.


నల్గొండ_బిడ్డ
ఏప్రిల్ 15, రాత్రి 9.15

ఖనిజాల గురించి మాట్లాడుతున్నారు కాబట్టి. మాది నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ కూడా ఖనిజమే, లీటరు నీళ్లలో ఒక మి.గ్రా. లోపు ఉంటే పళ్లకి మేలు. మా బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. మా పెదనాన్న నలభై ఏళ్లకే మెడ తిప్పలేకపోయేవాడు, ఎవరైనా పిలిస్తే మొత్తం మనిషి తిరగాలి. ఎముకల్లో కాల్షియంతో కలిసి ఫ్లోరైడ్ గట్టిపడి వెన్నుపూసలు అతుక్కుపోతాయి. పిల్లలకి మోకాళ్లు వంకర. తిండిలో కాల్షియం తక్కువున్న ఇళ్లల్లోనే ఆ వంకర ఎక్కువ. కృష్ణా నీళ్లు కుళాయికి వచ్చాకే మా ఊళ్లో తర్వాతి పిల్లలు తిన్నగా నడిచారు. 'ఖనిజాలున్న బోరు నీళ్లు మంచివి' అని ఎవరైనా అంటే ఒకసారి పరీక్ష చేయించుకోమని చెప్పండి.


అంగన్‌వాడీ_టీచర్
ఏప్రిల్ 16, ఉదయం 8.30

నిన్నంతా చదివాను. ఇనుము గురించి నేను రాస్తాను, రోజూ దానితోనే నా పని.

దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. మా బస్తీలో నాకు ఆ లెక్కతో పని లేదు, మొహాలు చూస్తే తెలుస్తుంది. పోయిన ఏడాది ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి మా సెంటర్ గోడ దగ్గర నిలబడి ఏదో నములుతోంది. నోరు తెరవమంటే పచ్చి బియ్యం. జేబులో బలపం ముక్కలు. వాళ్లమ్మ 'ఎన్నిసార్లు కొట్టినా మానదు టీచర్' అంది. కొట్టకండమ్మా, అది ఇనుము తగ్గిన లక్షణం కావచ్చు అని టెస్టుకి తీసుకెళ్తే హిమోగ్లోబిన్ 7.2. బడిలో సోమవారం సోమవారం ఇచ్చే నీలం గోలీ (60 మి.గ్రా. ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్) వాంతి వస్తుందని కిటికీలోంచి పారేసేదట. ఆ మోతాదు 7.2కి సరిపోదు, డాక్టర్ రోజూ వేసుకునేది రాశారు. నులిపురుగుల మందు వేశాం, అన్నం తిన్నాక గోలీ వేసుకోమన్నాం. మలం నల్లగా వస్తుంది భయపడొద్దని ముందే చెప్పాం. మూడు నెలలకి 10.9. బియ్యం నమలడం రెండో వారానికే మానేసింది, ఎవరూ ఏమీ అనకుండానే.

ఎక్కువమంది చేసే పొరపాటు చాయ్. ఆకుకూర, పప్పు తిని వెంటనే చాయ్ తాగితే అందులోని టానిన్లు ఇనుముని పట్టేసుకుంటాయి, ఒంటికి పట్టేది సగానికి సగం పడిపోతుంది. భోజనానికి గంట ముందు, గంట తర్వాత చాయ్, కాఫీ వద్దని తార్నాక సంస్థ 2024 మార్గదర్శకాల్లో కూడా ఉంది. అదే పప్పులో నిమ్మకాయ పిండితే, పక్కన జామకాయ తింటే సి విటమిన్ వల్ల బాగా పడుతుంది. మాంసం తినే ఇళ్లల్లో నెలకి రెండుసార్లు కార్జం తెచ్చుకోమంటాను. గర్భిణులకి మాత్రం చెప్పను, అందులో ఎ విటమిన్ మరీ ఎక్కువ.

రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ గింజలు వస్తున్నాయని మా దగ్గర ఆడవాళ్లు ఏరి పారేస్తుంటారు. అవి ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజలా ఒత్తి, నూటికి ఒకటి చొప్పున కలుపుతారు. కాస్త తేలతాయి, రంగు తేడా ఉంటుంది. నేను వాళ్ల ముందే వండి తిని చూపించాను.

పిల్లలకి విరేచనాలైతే ఓఆర్ఎస్‌తోపాటు జింక్ 14 రోజులు వేయాలి, ఆగిపోయాయని నాలుగో రోజు మానేయకూడదు. ఆర్నెల్లకోసారి వేసే ఎ విటమిన్ చుక్కలు తప్పించొద్దు. మా అమ్మ చిన్నప్పుడు సందె పడితే గోడ పట్టుకుని నడిచే పిల్లలు ప్రతి వీధిలో ఉండేవారట, రేచీకటి. మా సెంటర్లో నేను ఇప్పటివరకు ఒక్కరినీ చూడలేదు.


ఉప్పల్_అమ్మాయి
ఏప్రిల్ 16, రాత్రి 9.00

నిన్న సాయంత్రం వెళ్లాం. నరాల డాక్టర్ ఒక ఇనుప ఫోర్క్ లాంటిది టేబుల్‌కి కొట్టి అమ్మ చీలమండ ఎముక మీద పెట్టారు. 'అదురు ఆగగానే చెప్పండమ్మా' అన్నారు. అమ్మ వెంటనే 'ఏం లేదు బాబూ' అంది. అది ఇంకా జుమ్మంటూనే ఉంది, నాకు వినిపిస్తోంది. తర్వాత కాళ్లు దగ్గరపెట్టి కళ్లు మూసుకోమంటే పక్కకి తూలింది, ఆయన పట్టుకున్నారు. నాకు గొంతులో ఏదో అడ్డుపడింది. స్నానాల గదిలో తల రుద్దుకుంటూ కళ్లు మూసుకున్నప్పుడు పడబోయానని ఎన్నిసార్లు చెప్పింది, నీరసమే అనుకున్నాం.

బి12 సూదులు మొదలుపెట్టారు, 1000 మైక్రోగ్రాములది. వారం రోజులు రోజూ, తర్వాత వారానికొకటి, ఆపైన నెలకొకటి. వారం గడిచాకే ఐరన్, ఫోలిక్ యాసిడ్ కలపమన్నారు. డి వారానికొకటి, ఎనిమిది వారాలు. మిగతా షీట్లు తీసేశారు.

రాత్రి పక్కన పడుకుని నెమ్మదిగా అడిగాను డాక్టర్ గారూ. మూడేళ్ల నుంచి మొలల రక్తం పోతోందట. 'ఎవరికి చెప్పుకోనే' అంది.


జనరల్_ఫిజీషియన్
ఏప్రిల్ 16, రాత్రి 9.25

అడిగినందుకు సంతోషం. మొలలున్నాయి కదా అని అక్కడితో ఆగొద్దు. ఆ వయసులో పేగు లోపల కూడా ఒకసారి కెమెరాతో చూడటం మంచిది, సర్జన్‌ని అడగండి.


మందుల_కౌంటర్
ఏప్రిల్ 17, ఉదయం 10.10

వేళలు రాసిపెట్టుకోండి చెల్లెమ్మా. ఐరన్, కాల్షియం కలిపి వేయకూడదు, ఒకదాన్నొకటి పట్టనివ్వవు. కాల్షియం ఎప్పుడైనా రాస్తే అన్నంతో, ఒకసారికి 500 మి.గ్రా. మించకుండా. డి పొట్లం కొవ్వున్న భోజనం చేసిన పూట. థైరాయిడ్ గోలీ వాడేవాళ్లు ఎవరైనా చదువుతుంటే, దానికీ ఐరన్, కాల్షియాలకీ నాలుగు గంటల ఎడం ఉండాలి. పొద్దున అన్నీ గుప్పిట్లో వేసుకుని ఒకేసారి మింగేవాళ్లని రోజూ చూస్తుంటాను.


ఉప్పల్_అమ్మాయి
ఆగస్టు 22, రాత్రి 8.15

నాలుగు నెలల తర్వాత రాస్తున్నాను, క్షమించండి.

కెమెరా పరీక్షలో మొలలు తప్ప ఇంకేం లేవు. వాటికి చిన్న ఆపరేషన్ అయింది. హిమోగ్లోబిన్ 12.1, ఫెర్రిటిన్ 38. గ్యాస్ గోలీ అవసరమే లేదని డాక్టర్ నెమ్మదిగా తగ్గించి మాన్పించారు, మెట్‌ఫార్మిన్ మాత్రం ఉంది. బి12 మళ్లీ టెస్టు చేయిస్తానంటే, సూదులు వేసుకునేటప్పుడు ఆ అంకె ఎటూ ఎక్కువే చూపిస్తుంది, కాళ్లని చూడండి అన్నారు. రాత్రి పూట గట్టి పెరుగు, రెండు పూటలా గ్లాసుడు పాలు తాగుతోంది. గుడ్డు తినదు, నేను బలవంతం చేయలేదు. నా రిపోర్టు కూడా తీయించాను, నా ఫెర్రిటిన్ 11. భోజనం అయ్యాక చాయ్ మానేశాను.

మొదటి రెండు నెలలు పెద్దగా తేడా లేదు. పైగా కాళ్లల్లో సూదులు గుచ్చినట్టు ఎక్కువైంది, నరం కోలుకునేటప్పుడు అలా ఉండొచ్చన్నారు. జూలై నుంచి తగ్గుతూ వచ్చింది. అరికాలి ముందు భాగం ఇంకా మొద్దుగానే ఉంది, అది పూర్తిగా తిరిగొస్తుందని డాక్టర్ మాట ఇవ్వలేదు.

నిన్న శ్రావణ శుక్రవారం కదా, గుడికి వెళ్లొస్తున్నాం. వీధి మొదట్లో అదే కిరాణా కొట్టు దగ్గర అమ్మ ఠక్కున ఆగి నా భుజం పట్టుకుంది. 'ఉండవే, చెప్పు జారుతోంది' అంది. వంగి చూస్తే చెప్పు ఇంకా ఊడిపోలేదు, మడమ దగ్గర కాస్త పక్కకి తొలగింది, అంతే.